స్వేచ్ఛా విగ్రహం చూడబోయే మిత్రులకు

మన హాస్టల్లో చదివిన అన్నలు, అక్కలు కొందరు ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళారు. రేపు మీలోనూ వెళ్ళేవాళ్ళుంటారు. మాలో ఎవరమూ ఇంకా ఆ దీవిలో అడుగు పెట్టలేదు గానీ, చదివి తెలుసుకున్నది నాలుగు ముక్కలు రాస్తున్నాం.

స్వేచ్ఛా విగ్రహం న్యూయార్క్ రేవులో లిబర్టీ ఐలాండ్ అనే చిన్న దీవి మీద ఉంది. సందర్శకులకు పడవే దారి. మన్‌హటన్ దక్షిణపు కొసన బ్యాటరీ పార్క్‌లో గానీ, న్యూజెర్సీలోని లిబర్టీ స్టేట్ పార్క్‌లో గానీ ఎక్కాలి. దీవికి ప్రవేశ రుసుం లేదు, పడవ టికెట్టే. అదే టికెట్టు మీద పక్కనున్న ఎల్లిస్ ఐలాండ్ కూడా చూడొచ్చు. 1892 నుండి 1954 వరకు కోటీ ఇరవై లక్షల మంది వలసవాళ్ళు అక్కడి నుండే దేశంలోకి వెళ్ళారు. విగ్రహం కిరీటం దాకా ఎక్కాలంటే ముందే బుక్ చేసుకోవాలి. పీఠం పైనుండి 162 ఇరుకు మెట్లు, లిఫ్టు ఉండదు. కాగడా దగ్గరికి 1916 నుండి ఎవరినీ పోనివ్వడం లేదు.

చేతిలో డబ్బు ఆడని నెల అయితే స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కండి. అది ఉచితం. దీవిలో ఆగదు గానీ విగ్రహం కనబడేలా పోతుంది. స్కాలర్‌షిప్పు ఆలస్యమయ్యే రోజులు మనకు కొత్తా!

విగ్రహం ఫ్రాన్సు ప్రజల కానుక. రూపమిచ్చింది బార్తోల్డి, లోపలి ఇనుప చట్రం ఈఫిల్‌ది. పైనున్న రాగి రేకు మందం 2.4 మిల్లీమీటర్లే. పీఠానికి డబ్బు చాలకపోతే 1885లో పులిట్జర్ తన పత్రికలో చందాలడిగాడు. లక్షా ఇరవై వేల మందికి పైగా ఇచ్చారు, ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. వార్షికోత్సవానికి గదిగదికీ తిరిగి పదీ ఇరవై వసూలు చేసేవాళ్ళకి ఆ కష్టం తెలుసు.

మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది పాదాల దగ్గరిది. అక్కడ తెగిన సంకెల, గొలుసు ఉన్నాయి. కింద నిలబడితే సరిగా కనబడవు. ఈ విగ్రహం ఆలోచనకు మూలపురుషుడైన లాబులే బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసినవాడు. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో. విగ్రహాన్ని ఆవిష్కరించింది 1886 అక్టోబర్ 28న. ఆ ఏడే క్లీవ్‌లాండ్ గెజెట్ అనే నల్లజాతివాళ్ళ పత్రిక, దక్షిణాదిలో నల్లవాడు కష్టపడి తన కుటుంబాన్ని గౌరవంగా పోషించుకోగలిగే దాకా ఆ కాగడా వెలిగించవద్దని రాసింది. వాడల్లోంచి వచ్చిన మనకు ఆ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

1913లో డా. బి.ఆర్. అంబేడ్కర్ 22 ఏళ్ళ వయసులో చదువుకోవడానికి వచ్చింది ఈ ఊరికే. ఆయన చదివిన కొలంబియా యూనివర్సిటీ మన్‌హటన్‌లోనే, ఉత్తరం వైపు ఉంది. అక్కడి లేమన్ లైబ్రరీలో ఆయన కంచు విగ్రహం ఉంది. పడవ దిగాక పొద్దుంటే సౌత్ ఫెర్రీ స్టేషన్లో 1వ నంబరు రైలెక్కి 116వ వీధిలో దిగండి. గేటు దగ్గర దిగిన ఫొటో అయినా సరే, ఒక కాపీ హాస్టల్‌కి పంపండి. రీడింగ్ రూములో పెట్టిస్తాం.