ఉద్దానపు ఇసుకతిన్నెలపై బాలబందితీగ

టెక్కలి నుండి నౌపడ ఉప్పుమళ్ల మీదుగా భావనపాడు చేరి, అచ్చటినుండి వజ్రపుకొత్తూరు, బారువ, కవిటి తీరముల వెంబడి ఉత్తరముగా నడచువారికి ఒకవంక సముద్రమును, వేరొకవంక ఉద్దానపు కొబ్బరితోటలును జీడితోటలును కనులపండువు సేయును గాని, ఆ రెంటి నడుమ పరచుకొనియున్న ఇసుకతిన్నెలు మాత్రము నిక్కముగా మరుభూములే. వానలకు కొరతలేని సీమలో మరుభూమి యెక్కడిదని శంకింప బనిలేదు. పడిన నీరు పడినట్లే అడుగునకు దిగిపోవును. మిట్టమధ్యాహ్నపు ఇసుక అరికాలు మోపనీయదు. గాలి తెచ్చు ఉప్పుతుంపర లేతచిగుళ్లను మాడ్చివేయును. అన్నిటికిని మించి, నేలయే ఒకచోట నిలువదు.

అట్టి తావున తొలుత కాపురము పెట్టు సాహసి బాలబందితీగ; చెవులపిల్లితీగ యనియు దీనికి నామాంతరము కలదు. ఆకు దళసరి, నున్నన, కొనయందు నడిమికి చీలి మేకగిట్టను తలపించును, త్రుంచిన పాలుగారును. పూవు ప్రాతఃకాలమున విచ్చి మధ్యాహ్నము దాటకమునుపే వాడి ముడుచుకొనును గనుక, చూడదలచినవారు పొద్దెక్కకముందే పోవలెను. రేకు లైదును అంచువరకు అతుకుకొని ఊదావన్నె గరాటుగా నేర్పడును. గొంతులోనికి పోనుపోను వన్నె ముదురును. అందు పొడుగువియు పొట్టివియు కలసి యైదు కేసరములు, వాని మొదళ్ల సన్నని నూగు. నడుమ నిలిచిన తెల్లని కీలముపై ఆవగింజంతయు లేని రెండు గుండ్లు. శాస్త్రలోకమున ఈ తీగకు శాశ్వతమైన స్థానమును కల్పించినవి ఈ గుండ్లే.

1753లో లిన్నేయసు మహాశయుడు తన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ గ్రంథమున దీనిని కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చి, ఆకు రూపమునుబట్టి ‘మేకపాదము’ అను అర్థమిచ్చు ‘పెస్-కాప్రే’ పేరిడెను. అంతకు పూర్వమే ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’లోని మలబారు తీరపు వర్ణన అతనికి ఆధారములలో నొకటి. విశేషమేమనగా, అదే గ్రంథమున, అదే తీగను, బ్రెజిలు తీరమునుండి వచ్చిన వేరొక జాతిగా నెంచి మరియొక పేరును పెట్టెను. ఎఱ్ఱసముద్రతీరపు ఎడారులలో మొక్కలను పరిశీలించి 1763లో యెమెను దేశమున అసువులు బాసిన ఫోర్స్కాల్ అను పండితుని గ్రంథము 1775లో వెలువడగా, అందు ఇది ‘ఐపోమియా బైలోబా’ యయ్యెను. ఇట్లు మూడు తీరముల మొక్కకు మూడు పేర్లు కలిగినవి. దోషము పండితులది కాదు. సముద్రమును దాటి పోగల బీజముగల మొక్కను ఏ దేశమున కా దేశపుదిగా భావించుట ఆనాటికి సహజమే.

చిక్కు విప్పినవాడు రాబర్ట్ బ్రౌన్. కీలాగ్రము దారమువలె రెండుగా చీలినవానిని కన్వాల్వులస్ యందును, గుండుగా నున్నవానిని ఐపోమియా యందును ఉంచవలెనను ప్రమాణమును గైకొని, 1818లో ఈ తీగను ఐపోమియా పెస్-కాప్రేగా స్థిరపరచెను. అయినను 1883లో బ్రిటిషు ఇండియా వృక్షజాలమును వర్ణించినవారు ‘బైలోబా’ నామమునే వాడిరి. జాతినామములలో పూర్వపుదే నిలువవలెనను నియమము బలపడిన పిమ్మటనే లిన్నేయసు పేరు తిరిగి నెలకొన్నది. 1940లో ఊస్ట్‌స్ట్రూమ్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు, ఆకు లోతుగా చీలిన హిందూమహాసముద్రపు తీగను ఒక ఉపజాతిగాను, ఉష్ణమండల తీరములన్నిటను వ్యాపించినదానిని బ్రెజిలు పేరనే రెండవ ఉపజాతిగాను నిర్ణయించెను. లిన్నేయసు విడదీసిన రెండును ఇట్లు ఒక్క జాతిలోనికి వచ్చి చేరినవి. లిన్నేయసు శిష్యుడు కోనిగ్ 1785లో కన్నుమూసినది మన కాకినాడ చెంతనున్న జగన్నాథపురముననే యనియు, అతని మిత్రుడు రాక్స్‌బరో సామర్లకోటలో పనిచేసెననియు తలంచినపుడు, ఈ శాస్త్రము తెలుగుతీరమునకు పరాయిది కాదని నాకు సంతోషము కలుగును.

చెరువుగట్టున పెరుగు తూటికూరయు, మనము ఉడుకబెట్టుకొని తిను చిలగడదుంపయు ఈ ఐపోమియా ప్రజాతివే. ఆ కుటుంబమంతయు వంగ, మిరపల కుటుంబముతోపాటు ఒకే క్రమమునకు చెందినది.

అరపూట పూవు జాతిని నిర్ణయింపగా, జీవికను నిలుపునవి వేరును కాండమును. తల్లివేరు తడిని వెదకుచు లోతునకు దిగును. కాండము అనేక గజములు ప్రాకుచు కణుపుకణుపున వేళ్లూనును. ఆకులకు తగిలి గాలి మందగింపగా మోసితెచ్చిన ఇసుక అచ్చటనే రాలును. రాలిన ఇసుకలో కప్పబడిన తీగ మరల పైకి చిగిర్చును. ఈ పోరాటమే తిన్నెను పెంచును. రావణాసురుడి మీసాలను గడ్డియు ఇదే పనిలో తోడగును. వాని వెనుక మొగలిపొదలు, ఆ వెనుక సరుగుడు, పిదప జీడి, కొబ్బరి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి ఉద్దానపు తోటలను కూల్చిన దుఃఖము నెరిగినవారు, తోటలకు ముందున్న ఈ తిన్నెలను బీడుగా నెంచి చదును చేయుట, తీగను కలుపుగా పెరికివేయుట ఎట్లు సహింతురో నాకు బోధపడదు. గాలికి అడ్డుగా సరుగుడు నాటుట మంచిదే. దాని ముందువరుసలో బాలబందిని పెంచుటయు తోటపనిలో భాగము కావలెను.

పెంచుట కష్టము కాదు. గుళికకు నాలుగు చొప్పున నుండు నూగుగింజలు కెరటములపై నెలల తరబడి తేలియు చావని గట్టివి. పైపెంకు ఇసుకలో ఒరిసినగాని నీరు లోనికి పోదు గనుక, విత్తువారు దానిని కొంచెము గీరి నానబెట్టవలెను. అంతకన్న సులభమైనది, కణుపులుగల తీగముక్కలను కోసి, తొలకరి పడిన పిమ్మట, పోటునీరు అందని ఎత్తున, కొనలు మాత్రము పైకి కనబడునట్లు తడియిసుకలో అడ్డముగా పూడ్చుట.