ముందు తూకం... ఆ తర్వాతే ప్రయాణం

ఇండియాకు బయల్దేరే ముందు రాత్రి ప్రతి తెలుగింట్లో జరిగే తంతు మనందరికీ తెలిసిందే. సూట్‌కేసును తూకం కొక్కేనికి తగిలించి ఎత్తడం, 24 చూపిస్తే ఒక పొట్లం తీసి ఇంకో పెట్టెలో కుక్కడం, ఆ పెట్టె కూడా 23 దాటితే పిల్లాడి స్కూలు సంచీ ఖాళీ చేయించడం. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర అర కిలో ఎక్కువ చూపించినా గుండె దడే. ఇంత జాగ్రత్త ఉన్న మేమే, 30 వేల పౌండ్లు పోసి నడిచే ఇల్లు కొనబోయి, దాని తూకం సంగతి మాత్రం అడగడం మర్చిపోయాం.

మేం ఉండేది ఇంగ్లండులో, మిడ్‌ల్యాండ్స్‌లో. ఇద్దరు పిల్లలు, ఒకరికి 11 ఏళ్లు, ఒకరికి 7. వేసవిలో గుంటూరు జిల్లా నుంచి పిల్లల తాతయ్య, నాయనమ్మ వస్తుంటారు. నాయనమ్మకు బయటి తిండి పడదు. హోటలు గదిలో పొయ్యి ఉండదు. స్కాట్లాండు చూపిద్దామని రెండేళ్లు అనుకోవడమే గానీ, ఆరుగురికి మూడు గదులు, మూడు పూటలా తిండి లెక్క వేసుకునేసరికి మాట మార్చేసేవాళ్లం. అప్పుడు తట్టింది మోటార్‌హోమ్. వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ ఒకే బండిలో. కారు వెనక కట్టి లాగే కారవాన్ కాదు ఇది, ఇంజను కూడా దీనిదే.

ఒక అమ్మకందారు దగ్గర సెకండ్‌హ్యాండ్ బండి చూశాం. 7 మీటర్ల పైచిలుకు పొడవు, ఆరుగురు పడుకోవచ్చు, ఆరుగురికీ సీటు బెల్టులు. పిల్లలు డ్రైవరు నెత్తి మీది పడక ఎక్కి దిగమన్నా దిగలేదు. నాయనమ్మకు వీడియో కాల్‌లో పొయ్యి చూపిస్తే, నాలుగు మంటలున్నాయా అని మురిసిపోయారు. అడ్వాన్సు కట్టేద్దామనుకున్నాం.

ఆ సాయంత్రమే మాకు తెలిసిన తెలుగు డాక్టరు గారొకరు ఫోన్ చేశారు. 1980లలో ఇక్కడికి వచ్చి, ఇప్పుడు రిటైరై, భార్యతో కలిసి మోటార్‌హోమ్‌లో తిరుగుతుంటారు. రంగు అడగలేదు, ధర అడగలేదు. "పేలోడ్ ఎంతమ్మా?" అన్నారు. మేం తెల్లమొహం వేశాం.

లైసెన్సు దగ్గరే మొదలు

విషయం ఏంటంటే, మనలాంటి వాళ్లకు ఇక్కడున్న లైసెన్సు కేటగిరీ బి. ఇండియా లైసెన్సు మీద ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత ఇక్కడి పరీక్షలు పాసవ్వాల్సిందే. అలా పాసైన కారు లైసెన్సుతో నడపగలిగేది 3,500 కిలోల వరకే. అది బండి ఖాళీ బరువు కాదు. మనుషులు, సామాను, నీళ్లు, డీజిలు అన్నీ కలిపి ఆ బండికి అనుమతించిన గరిష్ఠ బరువు. 1997 జనవరి 1కి ముందు ఇక్కడ కారు పరీక్ష పాసైన వాళ్లకు మాత్రం సీ1 అనే కేటగిరీ కూడా కలిసి వచ్చింది. వాళ్లు 7,500 కిలోల దాకా నడపొచ్చు. 70 ఏళ్లు దాటాక దాన్ని నిలుపుకోవాలంటే వైద్య పరీక్ష కావాలి. డాక్టరు గారి తరం వాళ్ల కార్డు వెనక ఆ సీ1 ఉంటుంది. 2000 తర్వాత వచ్చిన ఐటీ వాళ్లకు, నర్సులకు, కేర్ హోముల్లో చేసేవాళ్లకు ఉండదు. ఒకే ఊళ్లో ఉంటాం, ఒకే ఉగాది వేడుకకు వెళ్తాం, కార్డు వెనక మాత్రం తేడా ఉంది.

2025 జూన్ నుంచి కారు లైసెన్సుతోనే 4,250 కిలోల దాకా నడపొచ్చని కొందరు అంటుంటారు. అది విద్యుత్తుతో నడిచే వాహనాలకు. డీజిలు మోటార్‌హోమ్‌కు వర్తించదు. మేం చూసిన బండికి అనుమతించిన బరువు సరిగ్గా 3,500. కాబట్టి లైసెన్సు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఆ 3,500 లోపల మేం ఇమడగలమా అన్నదే.

పేలోడ్ అంటే అదే. అనుమతించిన బరువులోంచి బండి సొంత బరువు తీసేస్తే మిగిలేది. బ్రోషర్‌లో సొంత బరువు 3,030 కిలోలని ఉంది. మిగిలేది 470. అబ్బో, 23 కిలోల సూట్‌కేసులు ఇరవై అనుకున్నాం! డాక్టరు గారు నవ్వి, కాగితం పెన్ను తెచ్చుకోమన్నారు.

ఆ 3,030లో ఎవరెవరున్నారు? 75 కిలోల డ్రైవరు ఒకరు, దాదాపు నిండిన డీజిలు ట్యాంకు, కాస్త నీళ్లు. అంతే. మిగతా ఐదుగురు పేలోడ్‌లోంచే ఎక్కాలి. మాలో ఒకరు, ఇద్దరు పిల్లలు కలిసి 120 కిలోలు. పెద్దవాళ్లిద్దరూ 130. అక్కడికే 250 పోయింది. మిగిలింది 220. పాత యజమాని తర్వాత బిగించిన ఎండ పందిరి, రెండో బ్యాటరీ, సోలార్ పలక, వెనక సైకిళ్ల స్టాండు, అన్నీ కలిపి సుమారు 77. మిగిలింది 143. నీళ్ల ట్యాంకు 100 లీటర్లది, బ్రోషర్‌లో లెక్కేసింది 20 లీటర్లే. లీటరంటే కిలో. ట్యాంకు నింపితే ఇంకో 80 పోయి 63 మిగిలింది. ఇక మాలో స్టీరింగు పట్టే మనిషి 75 కాదు, 84. మరో 9 తీసేయండి.

54 కిలోలు. ఆరుగురికి బట్టలు, దుప్పట్లు, గిన్నెలు, కుర్చీలు, కరెంటు తీగ, నీళ్ల గొట్టం, టాయిలెట్ మందు, బియ్యం, పప్పు అన్నీ అందులోనే. తలకు 9 కిలోలు. విమానంలోనే నయం.

నాయనమ్మ వంట సామాను ఒక్కటీ కొక్కేనికి తగిలించి చూశాం. బియ్యం 10, మిక్సీ 5, రెండు కుక్కర్లు 5, దోశ పెనం, ఇడ్లీ పాత్ర, స్టీలు గిన్నెలు, పచ్చళ్లు... 36 కిలోలు తేలింది. అందులో ఆవిడ అడిగిన గ్రైండరు లేదు.

ధర్మకాటా ఎక్కించాం

కాగితం మీది బరువును నమ్మొద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. బ్రోషర్లలో చిన్న అక్షరాల్లో ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చని రాస్తారట. 3,030 మీద ఐదు శాతమంటే 151 కిలోలు. మా 54ను మూడుసార్లు మింగేస్తుంది.

మన ఊళ్లలో ధాన్యం లారీలను తూచే ధర్మకాటాల్లాంటి వేబ్రిడ్జిలు ఇక్కడా ఉన్నాయి. కొద్ది పౌండ్లకు తూచి చీటీ ఇస్తారు. కొనకముందే తూచాలంటే అమ్మకందారు మొదట నసిగాడు. తూకం లేకుండా అడ్వాన్సు లేదన్నాక కదిలాడు. ట్యాంకులో సగం డీజిలు, నీళ్లు సున్నా, బండిలో మేం ఒక్కరం. మా లెక్క ప్రకారం 3,066 రావాలి. చీటీ మీద 3,160 వచ్చింది. 94 కిలోలు ఎక్కువ. అంటే మాకు మిగిలిన 54 పోగా ఇంకో 40 అప్పు. ఒక్క చొక్కా సర్దకముందే!

"ఎవరు పట్టుకుంటారండీ, అందరూ ఇలాగే తిరుగుతున్నారు" అన్నాడు అమ్మకందారు. రోడ్డు మీద తనిఖీ అధికారులు ఆపి తూస్తారు. ఎక్కువ బరువుకు 100 నుంచి 300 పౌండ్ల జరిమానా. మరీ మించితే కోర్టు, బరువు దించేదాకా బండి కదలనివ్వకపోవచ్చు కూడా. బాధ్యత డ్రైవరుది. అంతకంటే మాకు భయం వేసింది ప్రమాదం జరిగితే బీమా వాళ్లు ఏమంటారోనని. వీసా మీద ఉన్నవాళ్లం, కోర్టు అన్న మాటే మాకు పడదు. బరువెక్కిన బండికి బ్రేకులు ఆలస్యంగా పడతాయి, టైర్లు వేడెక్కుతాయి. వెనక సీట్లో ఉన్నది మన పిల్లలే కదా.

చీటీలో ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా ఉంటాయి. దీన్ని చాలామంది చూడరు. మొత్తం 3,500 లోపే ఉన్నా, వెనక ఇరుసు దాని హద్దు దాటొచ్చు. మేం చూసిన బండికి ప్లేటు మీద వెనక ఇరుసు హద్దు 2,000. ప్లేటు మీద నాలుగు అంకెలుంటాయి. మొదటిది మొత్తం బరువు, రెండోది వెనక లాగే బండితో కలిపి, చివరి రెండూ ముందు, వెనక ఇరుసులవి. సైకిళ్ల స్టాండు వెనక ఇరుసు నుంచి 2 మీటర్లు బయటికి ఉండి, రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లయితే, 30 కిలోల సైకిళ్లు వెనక ఇరుసు మీద 45 కిలోలు మోపుతాయి. ముందు ఇరుసు 15 కిలోలు తేలికవుతుంది.

ఇదంతా తాతయ్యకు ఫోన్లో చెప్తుంటే ఆయన మధ్యలోనే ఆపారు. "ఒరేయ్, ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే నొగ లేస్తుంది కదరా. దీనికింత లెక్కలెందుకు?" అన్నారు. బ్రోషర్‌లో లేని మాట అది. తర్వాత ఆయనే, "మా ఇద్దరి కోసం అంత పెద్ద బండి వద్దు, మేం ఇంట్లో ఉంటాంలే, మీరు తిరిగి రండి" అన్నారు. ఆ మాటకు ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

అమ్మకందారు ఇంకో దారి చూపించాడు. బండిలో ఏ మార్పూ చెయ్యకుండా కాగితం మీద 3,850కి పెంచుకోవచ్చట. నిజమే, కొన్ని బండ్లకు అలా వీలవుతుంది. కానీ పెంచిన మరుక్షణం అది మా కారు లైసెన్సు దాటిపోతుంది. సీ1 తెచ్చుకోవాలంటే డాక్టరు నింపే వైద్య పత్రం, లారీ వాళ్లు రాసే థియరీ పరీక్ష, తర్వాత రోడ్డు పరీక్ష. శిక్షణకు మమ్మల్ని వెయ్యి పౌండ్ల పైనే అడిగారు. 45 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి మళ్లీ వైద్య పరీక్ష. సెలవులు దొరికే ఉద్యోగమైతే అది మంచి దారే. మాకు కుదరలేదు.

చిన్న బండే కొన్నాం

ఆ తర్వాత వెతికే పద్ధతి మార్చాం. సోఫాలు, టీవీలు చూడ్డం మానేసి, ముందు ప్లేటు చూసి, తర్వాత బెల్టులు లెక్కపెట్టేవాళ్లం. ఎన్ని పడకలుంటే అన్ని సీట్లుంటాయనుకోవడం పొరపాటు. నాలుగు పడకల బండ్లు కొన్నింటికి రెండే బెల్టులు. పక్కకు తిరిగి కూర్చునే సోఫాలో చైల్డ్ సీటు బిగించడానికి లేదు. ఇక్కడ 12 ఏళ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలకు ఆ సీటు తప్పనిసరి.

నెల రోజులు తిరిగాక నాలుగు పడకలు, నాలుగు బెల్టుల చిన్న బండి దొరికింది. మీటరు దాకా పొట్టి. అదే విధంగా, సగం డీజిలు, ఖాళీ నీళ్లు, మేం ఒక్కరం ఎక్కి తూస్తే 2,880. మిగతా ముగ్గురినీ ఎక్కించి, డీజిలు నింపి, 100 లీటర్ల నీళ్లు పోసినా 3,138. సామానుకు ఇంకా 362 కిలోలు. అందుకే కొన్నాం.

మరి తాతయ్య, నాయనమ్మ? మాలో ఒకరు మోటార్‌హోమ్ నడిపితే, ఇంకొకరు పెద్దవాళ్లతో కారులో వెనకే వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాం. రాత్రిళ్లు వెనక పడక పెద్దవాళ్లది, పైది పిల్లలది, మేమిద్దరం పక్కనే టెంటులో. డీజిలుకు, పెట్రోలుకు రెండు ఖర్చులు, ఒప్పుకుంటాం. పిల్లలకు ఆరుగురం ఒకే బండిలో వెళ్లలేదన్న అలక ఇంకా ఉంది. అయినా మూడు హోటలు గదులకంటే చవకే, పైగా నాయనమ్మ వంట.

బయల్దేరే ముందు ఒక్కటి నేర్చుకున్నాం. నీళ్లు ఇంట్లో నింపుకుని మోసుకెళ్లక్కర్లేదు, సైటులో కుళాయి ఉంటుంది. దారికి 20 లీటర్లు చాలు. వాడిన నీళ్ల ట్యాంకు కూడా ఖాళీ చేసే కదలాలి. బరువైన సామాను అలమరాల్లో పైన కాకుండా కింద, రెండు ఇరుసుల మధ్య సర్దుకోవాలి. సైకిళ్లు ఇంట్లోనే వదిలేశాం.

మొదటి ప్రయాణం రోజు, సామానంతా సర్దాక, తాతయ్యనూ వెంటబెట్టుకుని వేబ్రిడ్జికి వెళ్లాం. మొత్తం 3,260. ముందు ఇరుసు 1,420, వెనక 1,840. తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని చీటీ రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నాయనమ్మ గ్రైండరు మాత్రం కారు డిక్కీలో వచ్చింది.