దైవరక్షణము - మన కావలి



దేవుని నమ్మి బ్రదుకు కుటుంబమునకు ఎదిరింపు క్రొత్త గాదు. పొలముగట్టున నొక నిందమాట, బావియొద్ద నొక యెత్తిపొడుపు, అందఱికి వచ్చిన పెండ్లిపిలుపు మనకు రాకుండుట, ఇట్టివి జరుగుచునే యుండును. అప్పుడు "దేవుడే కాపాడును" అని పలుకుదుము. ఆ పలుకునకు అర్థమేమి? చేతులు ముడుచుకొని కూర్చుండుటయా? లేక కఱ్ఱ చేతబట్టి కయ్యమునకు బోవుటయా? ఈ సందేహమును దీర్చుటకు నెహెమ్యా చరిత్రము మిక్కిలి తగియున్నది.

నెహెమ్యా షూషను కోటలో పారసీక చక్రవర్తియగు అర్తహషస్తకు పానపాత్ర నందించు ఉద్యోగి. ఆ రాజు ఏలుబడి 20వ సంవత్సరమున, అనగా క్రీ. పూ. 445 ప్రాంతమున, యెరూషలేము ప్రాకారము కూలియున్నదనియు, గుమ్మములు కాలిపోయినవనియు విని, యేడ్చి, ఉపవసించి, ప్రార్థించెను. పిమ్మట రాజునొద్ద సెలవు వేడెను. నది యవతలి అధికారులకు లేఖలను, కలపకొఱకు రాజవనపాలకునకు లేఖను గూడ అడిగి తీసికొనెను. ప్రార్థించినవాడు పత్రము నడుగుట అవిశ్వాసమని ఆయన తలంపలేదు.

పని మొదలిడగనే సన్బల్లటు, టోబీయా, గెషెము అనువారు అడ్డుపడిరి. మొదటిది వెక్కిరింత. నక్క యెక్కినను ఆ గోడ పడిపోవునని టోబీయా నవ్వెను. నెహెమ్యా వానికి బదులు చెప్పక దేవునితో మొఱపెట్టుకొనెను. జనులు మనసుపెట్టి పనిచేయగా గోడ సగమెత్తు లేచెను. రెండవది బెదిరింపు. శత్రువులు కూడబలుకుకొని మీదికి రానున్నారని తెలియగా, ఆయన ప్రార్థించెను, రాత్రింబగళ్లు కావలియు నుంచెను. సగముమంది పనిచేయగా సగముమంది యీటెలు పట్టిరి. బరువులు మోయువారు ఒకచేత పనియు ఒకచేత ఆయుధమును నిర్వహించిరి. మూడవది వంచన. ఓనో మైదానమునకు మాటలాడ రమ్మని నాలుగు మాఱులు కబురంపిరి. పని నిలిచిపోవునని ఆయన నాలుగు మాఱులును పోలేదు. ఐదవమాఱు, ఆయన రాజు గాదలచుచున్నాడను వదంతి వ్రాసి విప్పియున్న లేఖ నంపిరి. అది కల్పన యని యొక్కమాట చెప్పి మరల పనిలో బడెను. ప్రాకారము 52 దినములలో ముగిసెను. ఆ వృత్తాంతమున ఒక్క యుద్ధమైనను జరిగినట్లు లేదు.

అయితే ఈ కథ నడుమ అయిదవ యధ్యాయమున మఱియొక మొఱ వినబడును. అది సన్బల్లటుమీద గాదు, స్వజనులమీదనే. కఱవున ధాన్యముకొఱకు పొలములు, తోటలు, ఇండ్లు కుదువబెట్టినవారు, రాజుపన్నుకై అప్పు తెచ్చినవారు, బిడ్డలను దాస్యమునకు ఒప్పగించినవారు సహోదరుల యెదుటనే గోలుగోలున ఏడ్చిరి. కంచెయే చేను మేసినట్లాయెను. నెహెమ్యా కోపించి, సభ గూర్చి, పెద్దలను నిలదీసెను. తానును తనవారును అప్పులిచ్చినవారమేయని దాచక యొప్పుకొని, వడ్డి మానుదమనియు, పొలములను ఆ దినమే మరల నిచ్చివేయుడనియు కోరెను. వారు సమ్మతించిరి. ఆయనయు 12 సంవత్సరములు అధికారికి రావలసిన భోజనభత్యమును పుచ్చుకొనలేదు.

పెద్దలారా! ఈ యధ్యాయము గోడకథ నడుమ నుండుట ఊరక గాదని నా యభిప్రాయము. వెలుపలి శత్రువును అడ్డగించుటకు ప్రాకారము లేచుచుండగా, లోపల పేదవాని యిల్లు కూలుచుండెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమనిరి గదా! మన సంఘములోని విధవరాలి పొలము అన్యాయపు వడ్డికి మనచేత చిక్కియుండగా, విరోధుల చేతినుండి విడిపింపుమని మనము వేడుట యెట్లు చెల్లును?

మఱియొక మాట దాచరాదు. దైవరక్షణ మనగా దెబ్బ తగులదని గాదు. స్తెఫను రాళ్లదెబ్బలకు మరణించెను. అయినను తన్ను చంపువారి క్షమాపణకై వేడుచు, తన యాత్మను ప్రభువున కప్పగించెను. దేహము నొచ్చినను దేవుడు విడువడనుటయే మన నమ్మకము. ఆ నమ్మకము గలవాడు పగ తీర్చుకొనడు, పనియు విడువడు.

కావున వెక్కిరించువానికి మాఱుమాట వలదు. బెదిరింపు వచ్చినచో ప్రార్థింపుడు, పదుగురిని గూర్చుకొనుడు, అధికారికి తెలియజేయుడు. ఇది అవిశ్వాసము గాదు. కయ్యమునకు పిలిచినచో పోకుడు. వదంతికి నిజమొక్కమాఱు చెప్పి యూరకుండుడు. వీని యన్నిటికంటె ముందు, ఈ రాత్రి ప్రార్థనకు మోకరించుటకు మునుపు, మీ యింటి పద్దుపుస్తకము నొకమాఱు విప్పి చూచుకొనుడు.