రాత్రికి ఎక్కడ కడదాం?

తెల్లవారుజామున నాలుగింటికి పోపులపెట్టె కిందపడ్డ చప్పుడుకి మెలకువ వచ్చింది. లైటు వేస్తే ఆవాలు, జీలకర్ర నేలంతా చిమ్మి ఉన్నాయి. ఆవాలు ఒక్కటొక్కటే కుడిపక్కకి దొర్లుతున్నాయి. "ఏవండీ, పడవ ఒరిగింది" అంటూ చూస్తే మా ఆయన అప్పటికే జారిపోయి గోడకి అతుక్కుని పడుకున్నారు. తలుపు తీసి టార్చి కొట్టాను. కాలువలో బురద, అందులో ఓ సైకిలు చక్రం, నడిమధ్యన మోకాల్లోతు నీళ్లు.

తప్పు మాదే. ముందురోజు సాయంత్రం అలిసిపోయి, చీకటి పడుతుంటే, రెండు లాకుల మధ్య వంద గజాల ముక్కలో పడవ కట్టేశాం. దిగువ లాకు తలుపులు కారుతున్నాయి. పైనుంచి వచ్చే నీరు తక్కువ, కిందికి పోయేది ఎక్కువ. తెల్లారేసరికి మడుగు ఖాళీ. మా ఆయన పై లాకు దాకా నడిచి, షట్టర్లెత్తి నీళ్లు వదిలాక పడవ లేవడానికి గంట పైనే పట్టింది. ఫోన్లో చెప్తే నాన్న నవ్వలేదు. "లస్కరు కూతురివి. గోడమీద తడిచార చూసుకోలేదుటే?" అన్నారు. నాన్న కోనసీమలో ఇరిగేషన్ లస్కరుగా చేసి రిటైరయ్యారు. ఆ చార ఉంది. నీటికి జానెడు పైన, గట్టురాళ్ల పొడుగునా, నల్లగా. నేను చూశాను కూడా. నీరు అప్పటికే దిగిపోతోందన్న దాని అర్థమే తట్టలేదు.

నేను కోవెంట్రీలో నర్సుని. ఏటా ఆగస్టులో వారం రోజులు మేం పడవ అద్దెకి తీసుకుంటాం. ఇంగ్లండులో బొగ్గు, కుండలు, ఇనుము మోయడానికి రెండు వందల యాభై ఏళ్ల కిందట తవ్విన కాలువలివి. వాటికి తగ్గట్టే పడవలూ సన్నగా ఉంటాయి. వెడల్పు ఏడడుగుల లోపు, పొడవు డెబ్బై అడుగుల దాకా. మన రైలుపెట్టెలో కాపురం పెట్టినట్టుంటుంది. ఇంగ్లండు, వేల్సుల్లో 2,000 మైళ్ల కాలువలు, నదుల్ని 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చూస్తోంది. అద్దె పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. చుక్కాని పిడి ఎటు తిప్పితే ముక్కు అటు కాకుండా ఎదురువైపుకి పోతుందని పది నిమిషాలు చెప్పి, చేతికి ఇచ్చేస్తారు.

ఇక రాత్రికి ఎక్కడ ఆగాలన్నది మన తెలివి. వెనకటికి గుర్రాలు పడవల్ని లాగుతూ నడిచిన గట్టు ఒకటి ఉంటుంది. (మన గోదావరి కాలువల మీద ఆ గుర్రాల పని మనుషులే చేసేవారని నాన్న అంటారు.) ఆ గట్టు పక్కన మామూలుగా పద్నాలుగు రోజుల దాకా ఉండొచ్చు. ఊళ్ల దగ్గర రేవుల్లో అయితే గడువు తక్కువ, కొన్నిచోట్ల ఒకటి రెండు రోజులే. బోర్డు చదువుకోవాలి. అవతలి గట్టు చాలావరకు సొంత ఆస్తులది, అటు కట్టకూడదు. లాకు ముందు పడవలు ఆగే చోట, మంచినీళ్ల కొళాయి దగ్గర, పడవలు వెనక్కి తిరిగే వెడల్పు జాగాలో, వంతెన కింద, మలుపులో కూడా కట్టకూడదు.

ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. పుస్తకంలో లేనిది, నేను పదేళ్లలో నేర్చుకున్నది ఒకటుంది. ఊరి దగ్గర ఆగితే నడిబొడ్డునైనా ఆగాలి, ఊరు దాటైనా ఆగాలి. ఆ రెంటికీ మధ్య ఉండే అరమైలు, మైలు పనికిరాదు. నడిబొడ్డున దీపాలుంటాయి, జనం ఉంటారు, ఇరుగుపొరుగు పడవలుంటాయి. ఊరు దాటితే ఆవులు, బాతులు తప్ప ఎవరూ ఉండరు. మధ్యలో ఉండేవి మూతపడ్డ గోదాముల వెనక గోడలు, రోడ్డు మీంచి గట్టుకి దిగే మెట్లు, ఆ మెట్ల కింద బీరు తాగే కుర్రాళ్లు. వాళ్లలో చాలామంది చెడ్డవాళ్లేం కాదు, తోచక వచ్చినవాళ్లు. అర్ధరాత్రి తోచనివాడికి తాడు విప్పేయడం సరదా.

అందుకని మధ్యాహ్నం మూడింటికే వెతకడం మొదలెడతాను. పడవ గరిష్ఠ వేగం గంటకి నాలుగు మైళ్లు, ఒక్కో లాకుకి పావుగంట. నచ్చలేదని చీకట్లో మరో ఊరికి పోయే వీల్లేదు. మా ఆయన చుక్కాని దగ్గర ఉంటే నేను ముందు నడుస్తాను. చూసేది నేల. బెంచీ కింద గాజుపెంకులు, గడ్డిలో నల్లగా కాలిన గుండ్రాలు ఉంటే ఇంకా నడుస్తాను. కుక్కని తిప్పుతున్న పెద్దావిడ ఎదురైతే అదే మంచి శకునం. కిటికీలో పూలకుండీలున్న పడవలు నాలుగు వరసగా కనిపిస్తే, వాటి వెనకే మన పడవ. ఆ పక్కన రైలుపట్టాలున్నాయేమో మ్యాపులో చూస్తాను. చెట్టు కిందైతే కట్టను. నీడ బాగానే ఉంటుంది కానీ పొద్దున్న పిట్టల రెట్టలు కడగాల్సింది నేనే.

బర్మింగ్‌హామ్ గ్యాస్ స్ట్రీట్ రేవు నడిబొడ్డుకి మంచి ఉదాహరణ. అక్కడ రెండు కాలువల మధ్య ఏడడుగుల మందాన అడ్డుగోడ ఉండేది. మా నీళ్లు మీకు పోకూడదని ఒక కంపెనీ పంతం. సరుకంతా గోడ మీదుగా చేతుల్తో అందించుకునేవారట. చివరికి 1815లో గోడకి గండికొట్టి లాకు పెట్టారు. ఇప్పుడా గోడ పొడుగునా పడవలు కడతారు. నగరం మధ్యలో ఉన్నా హాయిగా నిద్రపోయాం. కానీ వెళ్లింది మంగళవారం. శని రాత్రయితే పక్క వీధిలో బార్ల హోరు.

స్ట్రాట్‌ఫర్డ్ ఇంకా బావుంటుంది. పాడుబడ్డ ఆ కాలువని వాలంటీర్లు, ఖైదీలు కలిసి బాగుచేస్తే 1964లో మళ్లీ తెరిచారు. కాలువ చివర బ్యాంక్రాఫ్ట్ రేవులో కడితే షేక్స్‌పియర్ నాటకాల థియేటరు నాలుగడుగుల్లో ఉంటుంది. సాయంత్రం దాకా టూరిస్టులు కిటికీలోకి తొంగి చూస్తారు. నేను దోసె తిప్పుతుంటే ఒకాయన ఫొటో తీశాడు. పది దాటాక హంసలే మిగులుతాయి. అక్కణ్ణుంచి లాకు దిగి ఏవన్ నదిలోకి వెళ్తే మాత్రం తాడు కాస్త వదులుగా కట్టాలి. నది రాత్రికి రాత్రి పెరగొచ్చు.

తాడు సంగతీ చెప్పాలి. తాడుని గట్టుమీది ఇనుప కడియంలోంచి తీసి మళ్లీ పడవ మీదికే తెచ్చి ముడేస్తాం. విప్పాలంటే పడవ ఎక్కాలి. మేకులు కొట్టుకోవాల్సిన చోట వాటికి తెల్ల ప్లాస్టిక్ సంచి తొడుగుతాం, సైకిళ్లవాళ్లు తట్టుకోకుండా. పక్క వంతెన నంబరు కాగితం మీద రాసి పొయ్యి పైన అంటిస్తాను. కాలువ గట్టుకి వీధి పేరుండదు. 999కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవాల్సొస్తే దారి చెప్పేది ఆ నంబరే.

ఈసారి ఆఖరి రాత్రి మా ఊరికి అయిదారు మైళ్లలో, హాక్స్‌బరీ దగ్గర ఆగాం. కోవెంట్రీ, ఆక్స్‌ఫర్డ్ కాలువలు కలిసేది అక్కడే. 1837 నాటి పోత ఇనుప వంతెన, పక్కన పబ్బు, వరసగా పడవలు. పడవలవాళ్లు ఆ చోటుని సటన్ స్టాప్ అంటారు, అక్కడ లాకు కాచిన కుటుంబం ఇంటిపేరుతో. ఈ మాట నాన్నకి వీడియోకాల్లో చెప్పగానే "లాకు చూపించు" అన్నారు.

"కొద్ది అంగుళాలే తేడా నాన్నా, పేరుకే లాకు."

"అయినా చూపించు."

ఫోను తిప్పాను. కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. "తలుపు అడుగున కారుతోంది."

"మేం కట్టింది అవతలి కాలువలో."

"గోడమీద చార?"

"లేదు. చూశాను."

"అయితే పడుకోండి" అని పెట్టేశారు.