కవరు పారేశాను, కథ పోయింది

రాయచూరులోని మా ఇంట్లో ముత్తాతగారి ట్రంకుపెట్టె ఉండేది. అందులో ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఉత్తరాలుండేవి. పదేళ్ళ వయసులో వాటి కవర్లను నీళ్ళలో నానబెట్టి, స్టాంపులు ఊడదీసుకుని, కవర్లు పారేశాను. ఎంత పొరపాటు చేశానో పెద్దయ్యాక తెలిసింది.

1871లో బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు మా రాయచూరులోనే కలిశాయి. పి అండ్ ఓ వారి ఆవిరి ఓడల్లో బొంబాయి చేరిన సీమ టపా ఈ దారినే మద్రాసు వెళ్ళేది. బయల్దేరిన తేదీ, చేరిన తేదీ ముద్రలు కవరు మీదే ఉంటాయి. అవి చూస్తే ప్రయాణం ఎన్నాళ్ళు పట్టిందో, ఏ వారపు ఓడలో వచ్చిందో లెక్క తేలుతుంది. ఒక్క స్టాంపు ఆ సంగతి చెప్పలేదు.

మీ ఇంట పాత ఉత్తరాలుంటే కవరుతో సహా దాచండి. పిల్లలకు ఆ ముద్రలు చదివి చూపించండి.