కనుగూటిలో పురుగు తిత్తి

“పంది మాంసము ముట్టని మనకు బద్దెపురుగు వ్యాధితో పని ఏమి?” అని మనలో పెక్కుమంది తలచుచుందురు. ఆ తలంపు సరియైనది కాదు.

సరిగా ఉడకని పంది మాంసము తిన్నవాని ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు మలముతో వెలువడి నీటిని, కూరగాయలను, చేతులను కలుషితము చేయును. ఆ గ్రుడ్లు కడుపులో చేరినచో, శాకాహారులకైనను డింభకములు రక్తము వెంట పయనించి మెదడులోను, కండరములలోను, కంటిలోను తిత్తులుగా నిలుచును. దీనినే సిస్టిసెర్కోసిస్ అందురు.

కనుగూటిలో ఈ తిత్తి తరచుగా కనుగ్రుడ్డును కదలించు కండరములలో ఏర్పడును. కన్ను ఎఱ్ఱబడి నొప్పి పెట్టుట, ముందుకు ఉబ్బుట, రెప్ప వాలుట, ఒక వస్తువు రెండుగా కనబడుట దీని లక్షణములు. అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ పరీక్షలలో తిత్తియు, దానిలో చుక్కవలె పురుగు తలయు కానవచ్చును.

కండరములోని తిత్తికి సాధారణముగా శస్త్రచికిత్స అవసరముండదు. వైద్యులు ఆల్బెండజోల్‌ను శరీరపు బరువు కిలోకు దినమునకు 15 మిల్లీగ్రాముల చొప్పున సుమారు 4 వారములు ఇత్తురు. పురుగు నశించునపుడు వాపు హెచ్చును గనుక స్టెరాయిడ్లను జతచేయుదురు. తిత్తి కనుగ్రుడ్డు లోపలనే ఉన్నచో ఆ వాపు చూపునే హరింపవచ్చును; అందుచే దానిని శస్త్రచికిత్సతో తీయుదురు. కనుకనే మందుకు ముందు కంటి లోపలి భాగమును, మెదడును పరీక్షింపవలెను. నులిపురుగుల మందే గదా యని అంగడిలో కొని మ్రింగరాదు.

భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుట, పచ్చికూరలను మంచినీటితో కడుగుట, అందరును మరుగుదొడ్డి వాడుట నివారణ మార్గములు. మన కంటి క్షేమము పొరుగువాని పారిశుద్ధ్యముతోను ముడిపడి యున్నదని మనము గ్రహింపవలెను.