పందెపు కారు నకలు: కొనదగినదేనా?

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనములలో విద్యార్థులు అట్టతోను, తగరపు రేకుతోను ఓడలు, రైలింజనులు చేసి చూపుదురు. చూచుటకు అవి ముచ్చటగా ఉండును. ఐనను అట్ట ఓడను చెరువులో వదలినచో ఎంతసేపు తేలునో అందరికిని తెలిసినదే. యంత్రము యొక్క రూపమునకు నకలు తీయుట ఒక పని; దాని పనితీరునకు నకలు తీయుట మరియొక పని. ఈ రెంటికిని గల భేదము ధనముతోను, ప్రాణముతోను ముడిపడిన చోటు ఒకటి కలదు. అదియే పాత పందెపు కార్ల నకళ్ల వ్యాపారము.

నకళ్లు ఎందుకు పుట్టినవి?

1962లో కారల్ షెల్బీ అను అమెరికను పందెగాడు, బ్రిటనులోని ఏ.సి. కంపెనీవారి తేలికపాటి కారులో ఫోర్డు కంపెనీవారి ఎనిమిది సిలిండర్ల ఇంజనును పెట్టించి 'కోబ్రా' అను కారును తయారు చేయించెను. చిన్న శరీరము, పెద్ద గుండె దాని ప్రత్యేకత. తొలి కార్ల బరువు వేయి కిలోగ్రాములకు లోపే. ఆ కాలమున తయారైన కోబ్రాలు మొత్తము సుమారు వేయి మాత్రమే. వానిలో మొట్టమొదటిది 2016లో అమెరికాలో జరిగిన వేలమున 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికెను. కోరువారు వేలకొలది, కార్లు వందలకొలది ఐనప్పుడు నకళ్లు పుట్టుట సహజము. నేడు లోకములో అసలు కోబ్రాలకంటె నకళ్లే అనేక రెట్లు ఎక్కువ.

ఈ నకళ్లు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, అసలు కంపెనీయే పాత పటముల ననుసరించి మరల చేయునది. 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా ఫ్రాన్సులోని లె మాన్స్ పందెమును గెలిచిన 'డి-టైపు' కార్లను మరి 25 తయారు చేయుదుమని జాగ్వారు కంపెనీ 2018లో ప్రకటించెను. రెండవది, వేరొక కర్మాగారము వారు అసలు కొలతలతో శ్రద్ధగా నిర్మించునది. మూడవది, ఏదో ఒక సామాన్యపు కారు అడుగుభాగమును తీసికొని, పైన పందెపు కారు ఆకారము గల తొడుగును బిగించునది. ఫోక్స్‌వాగన్ బీటిలు కారు అడుగుభాగముపై పోర్షె 550 ఆకారమును నిలిపిన నకళ్లు ఇట్టివి. పది గజముల దూరమునుండి చూచువానికి ఈ మూడింటికిని తేడా కనబడదు. తేడా అంతయు లోపల ఉండును.

ఎర్రగుంట్ల వాసి యొకడు ఇట్టి కోబ్రా నకలును కొనదలచెననుకొనుడు. అమ్మువాడు దాని నిగనిగలాడు రంగును, ఇంజను గర్జనను చూపును. కొనువాడు చూడవలసినవి వేరు. వానిలో చాలవరకు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రముతోనే తేల్చవచ్చును.

కాటా చెప్పు సాక్ష్యము

నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు తూగు కాటాలు ఎర్రగుంట్ల ప్రాంతమున కొరత లేదు. కారును మొదట పూర్తిగాను, తరువాత ముందు చక్రములు మాత్రము, ఆ తరువాత వెనుక చక్రములు మాత్రము కాటాపై నిలిపి తూచవలెను. మొత్తము 1,000 కిలోగ్రాములు, ముందు 480, వెనుక 520 వచ్చినవనుకొనుడు. కోబ్రా ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును మధ్య దూరము 90 అంగుళములు, అనగా సుమారు 2.29 మీటర్లు. భ్రామకముల సూత్రము ప్రకారము గురుత్వ కేంద్రము ముందు ఇరుసునుండి 2.29 × 520 ÷ 1,000 = 1.19 మీటర్ల దూరమున ఉండును. ఇది ఇంచుమించు నడిమి స్థానము. అట్లుగాక ఇంజనును తగని చోట బిగించుటచేత బరువంతయు ఒక కొననే ఉన్నచో, మలుపులో ఆ కొన బయటికి జారుటకు ప్రయత్నించును.

బరువు ఊరక పెరుగదు. అసలు కోబ్రా పైతొడుగు చేతితో సాగగొట్టిన అల్యూమినియపు రేకు. నకళ్లకు తరచుగా వాడునది గాజునార, అనగా రెజినుతో గట్టిపరచిన సన్నని గాజు దారములు. అల్యూమినియపు సాంద్రత 2.7; గాజునార సాంద్రత సుమారు 1.6. కాబట్టి గాజునార తేలిక అని తోచును. ఐతే 1.2 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరునకు 3.24 కిలోగ్రాములు తూగగా, 4 మిల్లీమీటర్ల గాజునార 6.4 కిలోగ్రాములు తూగును. తేలిక పదార్థమైనను మందము పెరిగినచో బరువు ఇంచుమించు రెట్టింపగును.

మెలితిరుగు చట్రము

పైకప్పు లేని కారునకు వెన్నెముక దాని చట్రమే. తొలి కోబ్రాల చట్రములో ప్రధానమైనవి 3 అంగుళముల వ్యాసముగల రెండు ఉక్కు గొట్టములు. 1965లో ఏడు లీటర్ల ఇంజను పెట్టినప్పుడు ఆ గొట్టముల వ్యాసమును 4 అంగుళములకు పెంచిరి. గోడ మందము మారనిచో, పలుచని గొట్టము మెలికకు తట్టుకొను బిగువు వ్యాసపు ఘనముననుసరించి పెరుగును. మూడింట నాలుగు వంతుల ఘనము 64/27, అనగా సుమారు 2.4 రెట్లు. ఒక్క అంగుళము పెంచుటవలన ఇంత లాభము కలిగినది. ఉపాధ్యాయులు తరగతిలో ఒకే రకపు కాగితమును సన్నని గొట్టముగా ఒకటి, లావు గొట్టముగా ఒకటి జిగురుతో అంటించి, రెండు కొనలు పట్టి మెలిత్రిప్పి చూపినచో ఈ విషయము విద్యార్థులకు చేతికే తెలియును.

కారునందు దీనిని పరీక్షించుటకు ఒక సులభమైన మార్గము కలదు. ముందు చక్రములలో ఒకదానిని మాత్రము జాకీతో మెల్లగా పైకెత్తి, తలుపు చుట్టునున్న సందును గమనింపవలెను. సందు ఒకవైపు మూసుకొనిపోయినను, తలుపు తెరుచుకొనక బిగిసినను చట్రము మెలితిరుగుచున్నదని అర్థము. అట్టి చట్రముపై బిగించిన చక్రములు మలుపులో నేలను సరిగా అంటిపట్టుకొనవు. గాజునార తుప్పు పట్టదు. దాని కింది ఉక్కు పట్టును. కాబట్టి కారును పైకెత్తించి, అతుకు అతుకును దీపముతో చూడవలెను.

ఆగుట ఎట్లు?

వేగముగా పోవుట కంటె వేగముగా ఆగుట ముఖ్యము. 1,000 కిలోగ్రాముల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు దాని గతిజశక్తి సుమారు 1.39 లక్షల జౌళ్లు. వేగము 120 ఐనప్పుడు శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును; అనగా సుమారు 5.56 లక్షల జౌళ్లు. కారు ఆగవలెనన్న ఈ శక్తి యంతయు బ్రేకులలో వేడిగా మారవలెను. బ్రేకుల పోత ఇనుము మొత్తము 30 కిలోగ్రాములు, దాని విశిష్టోష్ణము 460 జౌళ్లు అనుకొన్నచో, ఒక్కసారి ఆపినప్పుడు ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు పెరుగును. చల్లారుటకు వ్యవధి ఈయక పదిసార్లు ఆపినచో పెరుగుదల 400 డిగ్రీలగును. పందెములో జరుగునది ఇంచుమించు ఇదియే.

పాత డ్రమ్ము బ్రేకు వేడెక్కినకొలది వ్యాకోచించి లోపలి లైనింగునకు దూరమగును. పెడలు ఎంత తొక్కినను పట్టు తగ్గును. డిస్కు బ్రేకులో డిస్కు వ్యాకోచించి ప్యాడునకు చేరువగును. పైగా గాలికి తెరచియుండుటచేత త్వరగా చల్లబడును. 1953లో జాగ్వారు సి-టైపు కార్లు డిస్కు బ్రేకులతో లె మాన్స్ పందెమును గెలిచి ఈ సూత్రమును లోకమునకు చాటినవి. నకలులో డిస్కులు ఉన్నవా, ముందు చక్రములకును వెనుక చక్రములకును బ్రేకు నూనె వేర్వేరు మార్గములలో పోవుచున్నదా అని తప్పక చూడవలెను. ఒక మార్గము తెగినను రెండవది ఆదుకొనును. ఈ విషయమున మంచి నకలు అసలు కారును మించియుండుటకు అవకాశము కలదు.

పాత లైనింగుల విషయమున మరియొక జాగ్రత్త అవసరము. వానిలో రాతినార, అనగా ఆస్బెస్టాస్, కలిపెడివారు. పులివెందుల ప్రాంతపు గనులలో దొరకినది ఈ రాతినారయే; వేడికి చెడని గుణము దానికి ఆనాడు గిరాకి తెచ్చెను. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు మొదలగు రోగములు కలిగించునని తేలిన పిమ్మట, భారత ప్రభుత్వము 1986లో కొత్త గనులకు కౌలులు ఇచ్చుట మానివేసెను. 'అసలు కాలపు లైనింగులు' అని అమ్మువాడు గొప్పగా చెప్పినను వానిని తీసివేయించుటయే మేలు. ఆ ధూళిని గాలి గొట్టముతో ఊదరాదు.

ఎండ పెట్టు పరీక్ష

రేడియేటరు బయటికి వదలు వేడి, నీటి ఉష్ణోగ్రతకును గాలి ఉష్ణోగ్రతకును గల భేదము ననుసరించి ఉండును. నీరు 90 డిగ్రీలు, ఇంగ్లండులో గాలి 20 డిగ్రీలు ఐనచో భేదము 70. కడప జిల్లాలో మే నెల మధ్యాహ్నము గాలి 42 డిగ్రీలు ఐనచో భేదము 48 మాత్రమే. అనగా అదే రేడియేటరు ఇక్కడ నూటికి సుమారు 69 పాళ్లు మాత్రమే పనిచేయును. చల్లని దేశమునకు తగినట్లు కట్టిన నకలునకు ఇక్కడ ఒకటిన్నర రెట్లు పెద్ద రేడియేటరు కావలెను. లేనిచో ప్రొద్దుటూరు బాటలో లారీల వెనుక నెమ్మదిగా పోవునప్పుడే నీరు మరగును. నేలకు ఆనుకొన్నట్లుండు ఈ కారు స్పీడు బ్రేకరులను దాటగలదా అనునది కూడ కొలచి చూడవలసినదే.

కాగితముల మాట

మన దేశములో రోడ్డుపై నడువవలసిన ప్రతి నమూనా కారును తయారీదారు పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలచేత పరీక్ష చేయించవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెప్పుచున్నవి. రిజిస్టరైన బండిని తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా మార్చరాదని 1988 నాటి చట్టములోని 52వ సెక్షను శాసించుచున్నది. సుప్రీంకోర్టు 2019లో దీనిని స్థిరపరచెను. కాబట్టి వేరొక కారు కాగితములతో నకలును నడపుట చట్టవిరుద్ధము. 50 సంవత్సరములు దాటి, అసలు రూపమున ఉన్న బండ్లకు 2021లో 'వింటేజి' రిజిస్ట్రేషను ఏర్పరచిరి. నిన్న తయారైన నకలునకు ఆ గౌరవము చెల్లదు. అసలు కారు చట్రపు సంఖ్యను నకలుపై చెక్కి అమ్ముట మోసమే.

ఇన్ని పరీక్షల పిమ్మట కొనదలచినవాడు తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: కారు ఎందులకు? ధర పెరుగునను ఆశతో నైనచో కొనరాదు. అసలు కారు పలుకు ధర దాని చరిత్రకు, చరిత్రకు నకలు లేదు. ఊరి బాటలపై తిరుగుటకైనచో, సరియైన రిజిస్ట్రేషను చేతికి వచ్చువరకు బయానా ఈయరాదు. వేగపు సరదా తీర్చుకొనుటకైనచో, చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి పందెములకై కట్టిన బాట కలదు; కారును లారీపై అక్కడికి తీసికొనిపోయి, నిబంధనల ప్రకారము తనిఖీ చేయించి నడపవలెను. చట్రము గట్టిగా నిలిచి, బ్రేకులు నమ్మదగినవై, అమ్మువాడు నకలును నకలని కాగితముపై వ్రాసి ఇచ్చినప్పుడు ఆ కొనుగోలులో తప్పు లేదు. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినను, రంగు ఎంత నిగనిగలాడినను, ఆ కారును అమ్మువాని కొట్టములోనే వదలి వచ్చుట మంచిది.